వాము వాసన వేసిన తపాలా సంచి

తపాలా ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు కనిపించినప్పుడల్లా ఒక మాట అడుగుతుంటాను: సైన్యంలో ఉన్నవాడికి వెళ్లే పార్సిల్ మీద చిరునామా ఎప్పుడైనా నిదానంగా చదివారా అని. అందులో మనిషి నంబరు ఉంటుంది. హోదా, పేరు, దళం ఉంటాయి. చివర ఏపీఓ అని మూడక్షరాలు, పక్కన ఒక అంకె. అంతే. ఊరు ఉండదు, జిల్లా ఉండదు, రాష్ట్రం ఉండదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో అలాంటి దాన్ని 'చిరునామా అసంపూర్ణం' అని తిప్పి పంపబోయి చీవాట్లు తిన్నాను. అది సైన్యం తపాలాకు వెళ్లే గుర్తు. మనం సంచిలో వేసి లక్క ముద్ర కొడతాం. ఆ తరువాత అది మనకు తెలియని రైలెక్కి, తెలియని లారీ ఎక్కి, తెలియని కొండ మీద ఒకడి చేతిలో పడుతుంది. పంపిన తల్లికీ తెలియదు, బుక్ చేసిన మనకూ తెలియదు. నా సర్వీసంతా అలాంటివి బుక్ చేస్తూనే ఉన్నాను. ఒక్కదాని వెంట మాత్రం కొంత దూరం నేనే వెళ్లాల్సి వచ్చింది. దానికి కారణం నా తప్పే.

అది తెలంగాణ ఉద్యమం ఉప్పొంగుతున్న సంవత్సరం, సకల జనుల సమ్మె మొదలవబోతున్న వారం. నేను కోరుట్లలో ఒక చిన్న ఆఫీసులో పార్సిల్ కిటికీ దగ్గర పనిచేసేదాన్ని. పుట్టిల్లు సిరిసిల్ల. మరునాడు అన్నయ్య కొత్తింట్లో పాలు పొంగిస్తున్నారని ఆ సాయంత్రమే బస్సుకు బయలుదేరాలి. ఆ రోజుకు సెలవు పెట్టుకున్నాను. కిటికీ మూసే వేళకు పది నిమిషాల ముందు ఒకామె వచ్చింది. అరవైకి దగ్గరగా ఉంటాయి. వేళ్ల చివర్లు గోధుమ రంగులో ఉన్నాయి. బీడీలు చుట్టే చేతులని చూడగానే తెలుస్తుంది. యూరియా సంచిని తాడుతో కట్టి తెచ్చింది.

"బిడ్డా, గిది నా కొడుక్కు పంపాలె. మిలిట్రీల ఉన్నడు" అంది.

"గిట్ల తాడు కట్టి తెస్తె తీసుకోరవ్వా. తెల్లబట్టల పెట్టి కుట్టాలె. మీద అడ్రసు రాయాలె."

"నాకు రాసుడు రాదు బిడ్డా. అడ్రసు గిండ్ల ఉన్నది. జెర చదివి సూడు." కిటికీ కింది సందులోంచి ఒక ఉత్తరం లోపలికి తోసింది.

నేను దాన్ని విప్పను కూడా విప్పలేదు. గడియారం చూసి తిరిగి బయటికి తోశాను.

"రేపు రా అవ్వా. కుట్టుకొని రా, రాసిస్త."

ఆమె మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. రేపు నేను ఉండనని నాకు తెలుసు. తెలిసే అన్నాను. అరగంట కూర్చుంటే నేనే కుట్టి ఇవ్వగలిగిన పని అది. నేను పుట్టింది బట్ట నేసే ఇంట్లో.

సిరిసిల్లలో పాలు పొంగిన మరునాటి నుంచి సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, కరెంటు వస్తూ పోతూ ఉంది. మా అన్నయ్య వాళ్ల వీధిలో పుట్టినప్పటి నుంచీ నేను విన్న సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు మొదటిసారి ఆగింది. ఆ చప్పుడులోనే చదువుకున్నాను, అందులోనే నిద్రపోయాను. అది ఆగిపోయేసరికి వీధిలో పెద్దవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి, ఏదో వినబడుతుందేమో అన్నట్టు నిలబడ్డారు. ఈసారి ఇది చిన్న విషయం కాదని నాకప్పుడు అనిపించింది. రెండు రోజులు చూసి, అన్నయ్య స్నేహితుడి మోటారు సైకిలు మీద పల్లెల గుండా చుట్టు తిరిగి కోరుట్ల చేరాను.

ఆ మరునాడు పొద్దున ఆఫీసు తలుపు తెరిచేసరికి ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది. కాళ్లకు మోకాళ్ల దాకా దుమ్ము.

"అవ్వా, ఎట్ల అచ్చినవు? బస్సులు లెవ్వు గదా?"

"నడుసుకుంట అచ్చిన బిడ్డా. నిన్న గూడ అచ్చిన. నువ్వు లేవన్నరు."

వాళ్ల ఊరు అక్కడికి ఏడెనిమిది మైళ్లు. రెండు రోజులు, రానూ పోనూ, నెత్తి మీద మూటతో. మూట ఇప్పుడు తెల్లబట్టలో కుట్టి ఉంది, కుట్లు వరుసగా, దగ్గర దగ్గరగా. మొదటి రోజు చూసిన దానికి రెండింతలైంది. ఆ బట్ట ఎక్కడిదని అడిగితే, చనిపోయిన భర్త ధోవతి అని చెప్పింది. పెట్టెలో అదొక్కటే మంచిదిగా మిగిలిందట.

అప్పుడు ఆ ఉత్తరం చదివాను. ఆమెకు ఒక్కడే కొడుకు. తరతరాలుగా ఒకరి పొలాల్లో పనిచేసిన కుటుంబం. సెంటు భూమి లేదు. జగిత్యాలలో ఉండి చదువుకుని సైన్యంలో చేరాడు. వాళ్ల వాడలో ప్రభుత్వ ఉద్యోగం అతనిదే మొదటిది. ఇప్పుడు ఉత్తరాన ఎక్కడో మంచుకొండల మీద కాపలా. ఎక్కడో రాయకూడదు కాబట్టి రాయలేదు. "అవ్వా, ఇక్కడ అన్ని ఇస్తరు గని ఏది తిన్నా ఒక్కతీరే ఉంటది. నాలికె మొద్దువడ్డది. నువ్వు చేసిన సకినాలు, ఎల్లిగడ్డ కారం పంపు. దసరా దాటినంక పైకి హెలికాప్టరు ఎప్పుడు వస్తదో చెప్పరాదు. దాని ముంగట అందితె అందినట్టు. లేకుంటే మల్ల ఎండకాలమే" అని ఉంది.

ఈ ఉత్తరాన్నే నేను చదవకుండా బయటికి తోసింది.

దసరా ఇంకా మూడు వారాల్లోపే ఉంది. చిరునామా నేనే రాశాను. కుట్ల మీద లక్క ముద్రలు కొట్టి రసీదు ఇచ్చాను. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని, "ఎన్నడు పోతది బిడ్డా?" అని అడిగింది. మా సంచులు రోజూ వెళ్లేది ఆర్టీసీ బస్సులో. డ్రైవరు వెనక సీటు కింద పడేస్తే జగిత్యాల మీదుగా కరీంనగర్ చేరేవి. బస్సే లేనప్పుడు సంచి ఎలా కదులుతుంది? ఆఫీసు వెనక గదిలో అప్పటికే నాలుగు రోజుల సంచులు పేరుకుని ఉన్నాయి.

ఆ తరువాత ఆమె రెండు రోజులకోసారి నడిచి వచ్చేది. వచ్చి కిటికీ దగ్గర నిలబడి, ఒక్కసారి లోపలికి తొంగి చూసి, "ఉన్నదా?" అని అడిగేది. ఉందవ్వా అనేదాన్ని. పోలేదన్న మాట అది. కాసేపు మెట్ల మీద కూర్చుని, నీళ్లు తాగి, తిరిగి నడిచి వెళ్లేది. నా మీద ఒక్కసారి కూడా విసుక్కోలేదు. విసుక్కుని ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

మా పోస్టుమాస్టరు గారి గురించి ఇక్కడ చెప్పాలి. రిటైరు కావడానికి రెండేళ్లున్న మనిషి. ఏ నిబంధన ఏ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో నోటికి చెప్పేవారు. నిబంధన నంబరు లేని పని చేయడమంటే చెప్పుల్లేకుండా బజారుకు వెళ్లడం లాంటిది ఆయనకు. వెనకాల మేం ఆయన్ని పిరికివాడనే అనుకునేవాళ్లం. నేను మరీ ఎక్కువగా అనుకునేదాన్ని.

పదో రోజు ఆమె వచ్చేసరికి కాలి మడమ పగిలి నెత్తురు వస్తోంది. ఆఫీసు మెట్ల మీద ఎర్రటి మరక చూసి నేను కిటికీ మూసేసి పోస్టుమాస్టరు గారి దగ్గరికి వెళ్లాను.

"సార్, చౌరస్తల సమ్మె టెంటు కాడికి పోయి అడుగుత. సంచులకు దారి ఇడువమని."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "వాళ్లు ఇడుస్తరా? మనం సెంట్రలోళ్లం. సమ్మెల లేమని ఇప్పటికే కోపం మీదున్నరు."

"అడుగుడైతె అడుగుత సార్."

ఆయన అవుననలేదు, కాదనలేదు. నేను ఆమెను వెంటబెట్టుకుని బయలుదేరాను.

చౌరస్తాలో షామియానా కింద వందమందికి పైగా కూర్చున్నారు. బడి పంతుళ్లు, ఆర్టీసీ వాళ్లు, వకీళ్లు, బీడీ కార్మికులు. పక్కన రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. నేను విషయం చెప్పాను. ముందు వరుసలో ఉన్న ఒక పంతులు, శిబిరానికి పెద్ద, మర్యాదగానే అడిగాడు:

"మేడం, మా కడుపులు గాలవెట్టుకొని మేం గీడ కూసున్నం. మీరు ఒక్క దినం మాతోని కూసోలె. ఇయ్యాల మీ సంచి కోసం దారి ఇడువుమంటున్నరు. గిదేం న్యాయం?"

అతని మాటలో తప్పు లేదు. తిరిగి వెళ్దామని ఆమె చేయి పట్టుకున్నాను. ఆమె కదల్లేదు.

"కొడుకా, నాకు మీ లెక్కలు తెల్వయి" అంది. అరవలేదు. పక్కింటి వాళ్లతో మాట్లాడినట్టే మాట్లాడింది. "మీరు గీడ కూసున్నరు. నా కొడుకు గాడ మంచుల కూసున్నడు. మీరు లేవరు, ఆడు లేవడు. మీ నడుమ నడిసేదాన్ని నేనొక్కదాన్నే ఉన్న. నా కాళ్లు నొస్తున్నయి కొడుకా."

మైకులో పాట పెట్టబోతున్న మనిషి చేయి ఆపేశాడు. అప్పుడు ఆర్టీసీ వాళ్లలోంచి ఒకతను లేచాడు. నాకు తెలిసినవాడే, రోజూ మా సంచులు తీసుకుపోయే బస్సు డ్రైవరు.

"సారూ, ఇరువై ఏండ్ల సంది గా సంచి నా సీటెన్కనే పోతుండె. సమ్మె నా బస్సుకు. నా సొంత బండికి కాదు. మీరంతా ఊ అంటె నేను దీస్కపోత."

పంతులు ఆమె కాళ్ల వైపు చూశాడు. "పో" అన్నాడు. "ముందటి టెంట్లోళ్లకు మేం ఫోన్ జేస్తం. అందరు వింటరని మాటియ్యలేం. పొద్దుగాల్నే పో." ఆమెతో, "అవ్వా, నువ్వింక నడువకు. మావోళ్లు బండి మీద ఇంటికాడ దింపుతరు" అన్నాడు.

ఇదంతా జరిగిపోయింది కానీ, అసలు చిక్కు ఆఫీసులో ఉంది. లక్క ముద్ర వేసిన తపాలా సంచిని బయటి మనిషి చేతికివ్వడమంటే ఉద్యోగం వదులుకోవడమే. నేను వెళ్లి చెబితే పోస్టుమాస్టరు గారు ఏమంటారో నాకు తెలుసనుకున్నాను. ఆయన అంతా విని, లేచి, తలుపు దగ్గరికి వెళ్లి మెట్ల మీది మరకను చూసి వచ్చారు. తెల్ల కాగితం తీసుకుని చేత్తో రాశారు: ఈ సంచిని నా ఆదేశం మీద ఫలానా ఉద్యోగిని స్వయంగా కరీంనగర్ చేర్చవలెను, బాధ్యత పూర్తిగా నాది. కింద సంతకం చేసి, ముద్ర వేసి, నా చేతికిచ్చారు.

"అమ్మా, సంచి నీ ఒళ్లెకెల్లి కదలొద్దు. నీళ్లు తాగేటప్పుడు గూడ ఒళ్లెనే ఉండాలె."

"సార్, ఏ రూలు కింద..."

"నన్నడుగకు" అన్నారు.

సైన్యానికి పోయే పార్సిళ్లు మా ఆఫీసులో ఆమెది కాక ఇంకో మూడున్నాయి. నాలుగూ, ఉత్తరాల కట్టలూ ఒకే సంచిలో వేసి ముద్ర కొట్టాం. మరునాడు తెలవారగానే డ్రైవరు మోటారు సైకిలు వెనక కూర్చున్నాను. సంచి ఒళ్లో పెట్టుకుంటే ముందేం కనిపించేది కాదు. డ్రైవరు వీపు, సంచి మూతి, అంతే. నలభై తొమ్మిదేళ్ల వయసులో నేను అలా ప్రయాణం చేస్తానని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

జగిత్యాల దాకా రెండు చోట్ల ఆపారు. డ్రైవరును గుర్తుపట్టి వదిలారు. జగిత్యాల పొలిమేరలో మాత్రం గట్టిగా ఆగాల్సి వచ్చింది. రోడ్డుకు అడ్డంగా రాళ్లు, కాలుతున్న టైర్లు. ఫోను వీళ్లకు అందలేదు. నలుగురైదుగురు బండిని చుట్టుముట్టారు.

"సంచిల ఏమున్నది?"

"తపాలా. మిలిట్రీ పిల్లలకు పోయే సామాన్లు" అన్నాను.

"ఇప్పు. సూస్తం."

"ఇప్పితె నా నౌకరి పోతది."

"ఇప్పకపోతే మాకెట్ల తెల్వాలె? కాంట్రాక్టరు పైసలేమో, పోలీసోళ్ల కాయిదాలేమో!" ఒకతను లక్క ముద్ర మీద చేయి వేశాడు. నేను సంచి మీదికి వంగి రెండు చేతులతో పట్టుకున్నాను. డ్రైవరు ఏదో చెబుతున్నాడు, ఎవరూ వినడం లేదు. నిజం చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది.

రోడ్డు పక్క పొయ్యి దగ్గర కూర్చున్న ముసలామె ఒకతె ఈ గొడవకు లేచి వచ్చింది. వాళ్లను తోసుకుంటూ నా దగ్గరికి వచ్చి, చేతి గరిటె అలాగే పట్టుకుని, సంచికి ముక్కు ఆనించింది. గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

"చెయ్యి తియ్యిరా" అంది ఆ మనిషితో. "గిండ్ల పైసలెక్కడియిరా? సకినాలున్నయి. ఓమ వాసనొస్తలేదా నీకు? నువ్వులు గూడ ఏంచి ఏసింది. చేసినామె చెయ్యి మంచిది."

ముద్ర మీద చేయి వేసినతనే ముందు నవ్వాడు. వంగి వాసన చూశాడు. ఇంకొకడు చూశాడు. నేను సంచిని కావలించుకుని ఉండగానే మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, గుడిలో వంగినట్టు వంగి, వాసన చూసి పక్కకు జరిగారు. ఒకతని కళ్లలో నీళ్లు చూశాను. అతని తమ్ముడో, అన్నో ఎక్కడో ఉండే ఉంటాడు. నేను అడగలేదు. చేతులతో టైరును లాగి దారి ఇచ్చారు. వెనక ఎవరో ఫోనులో అరుస్తున్నాడు: "మిలిట్రీ పిల్లల సకినాలస్తున్నయి, ఇడువుండ్రి!"

ఆ తరువాత జరిగింది చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. కరీంనగర్ దాకా మమ్మల్ని ఎవరూ ఆపలేదు. మేం చేరేలోపే మాట చేరిపోయింది. ఒక చోట రోడ్డంతా పరిచిన రాళ్లలో సరిగ్గా బండి పట్టేంత దారి తీసి ఉంచారు. మేం దాటగానే వెనక మళ్లీ రాళ్లు పడిన చప్పుడు వినిపించింది. కొడిమ్యాల వైపు తిరిగే దారి దగ్గర ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వండుతున్నారు. మమ్మల్ని దూరం నుంచే చూసి, అన్నం ఉడుకుతున్న గుండిగను నలుగురు గుడ్డలతో పట్టుకుని పక్కకు జరిపారు. ఆవిరి వాళ్ల ముఖాల మీదికి కొడుతోంది. పొయ్యి రాళ్లు జరిపి, నిప్పులు చీపురుతో ఊడ్చారు. మేం ఆ వేడి నేల మీదుగా వెళుతుంటే ఒకామె "పైలం బిడ్డా" అంది. నినాదం లేదు, చప్పట్లు లేవు. వాళ్ల సమ్మె ఆగలేదు, మా సంచీ ఆగలేదు. డ్రైవరు కొంత దూరం పోయాక బండి ఆపి, కండువాతో ముఖం తుడుచుకుని, "మేడం, ఇరువై ఏండ్లు గీ రోడ్డు మీద బస్సు నడిపిన. గీ రోడ్డును ఇయ్యాలనే సూసిన" అన్నాడు.

కరీంనగర్ ఆఫీసులో గుమాస్తా సంచిని, నన్ను మార్చి మార్చి చూశాడు. ముద్రలు పరీక్షించి, చెక్కుచెదరలేదని రాసి సంతకం పెట్టాడు. "రైళ్లు గూడ అన్ని నడుస్తలేవమ్మా. నడిసిన మొదటి దాంట్ల ఎక్కిస్త" అన్నాడు. ఆ మాట నిలబెట్టుకున్నాడని తరువాత తెలిసింది.

దసరా వెళ్లిన వారానికి ఆమె వచ్చింది. పక్కింటి వాళ్ల ఫోనుకు కొడుకు ఫోను చేశాడట. చలికి కాలివేళ్లు దెబ్బతిన్నాయి. కిందికి తెచ్చి దవాఖానలో పెట్టారు. రెండు వేళ్లు తీసేయాలంటున్నారు. ప్రాణానికేం భయం లేదు.

"పార్సల్ అందిందా అని అడిగిన బిడ్డా. రాలేదన్నడు. ఆడు కిందికచ్చిండు. అది పైకి వోయి ఉంటది. ఇప్పుడెట్ల?"

ఆ రాత్రంతా నేను లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. నేను 'రేపు రా' అనకుండా ఉంటే, ఆ సాయంత్రం బస్సులోనే అది వెళ్లి ఉండేది. పది రోజులకు పైగా ముందు.

సమ్మె ముగిశాక, చలికాలం మొదట్లో ఆమె పేరిట ఉత్తరం వచ్చింది. సైన్యం తపాలా ముద్ర. కొడుకు చేతిరాత కాదు. హిందీలో ఉంది. పోస్ట్‌మ్యాన్ చేత కబురు పంపితే ఆమె వచ్చింది. బడిలో నేర్చుకున్న హిందీతో నేనే చదివి చెప్పాను. పంజాబు వైపు కుర్రాడు రాశాడు.

'మాతాజీ, మీ అబ్బాయి కిందికి వెళ్లిన నాలుగో రోజున మాకు మూటలు వచ్చాయి. అందులో మీది ఉంది. పద్ధతి ప్రకారం దాన్ని అతని వెనక పంపాలి. కానీ వాతావరణం చెడి హెలికాప్టరు మళ్లీ రాలేదు. ఐదు రోజులు మూటను డేరాలో వేలాడదీసి చూస్తూ కూర్చున్నాం. చివరికి రేడియోలో కింద దవాఖానకు అడిగించాం. తినండి, కారంతో జాగ్రత్త అని మీ అబ్బాయి చెప్పి పంపాడు. మేం జాగ్రత్త పడలేదు. తొమ్మిది మందిమి ఉన్నాం. అందరి కళ్లలోనూ నీళ్లొచ్చాయి. కారానికే అని ఒకరికొకరం చెప్పుకున్నాం. చక్రాల్లాంటివి గడ్డకట్టి రాయిలా ఉంటే స్టవ్వు మీద వెచ్చబెట్టుకుని తిన్నాం. మాతాజీ, ఇక్కడ దేనికీ వాసన ఉండదు. మంచుకు ఉండదు, డబ్బా తిండికి ఉండదు. ఆ రోజు మా డేరాలో ఇంటి వాసన వచ్చింది. ఎవరి ఇల్లో తెలియదు. ప్రతివాడూ తన ఇల్లే అన్నాడు. మీ అబ్బాయికి చెందింది మేం తిన్నందుకు క్షమించండి.'

చదవడం ముగించి కాగితం మడిచాను. నాలుగు రోజులు. నాలుగే నాలుగు రోజుల తేడా. ఇక దాచలేకపోయాను.

"అవ్వా, మొదటి దినం నువ్వు అచ్చినప్పుడు నేనే తీసుకోవల్సి ఉండె. బస్సుకు పోవాలని రేపు రమ్మన్న. తీసుకొని ఉంటె నీ కొడుకే తినెటోడు. తప్పు నాదే."

ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం ఉందా అని వెతికాను. ఆమె వేరే ఏదో లెక్క వేస్తోంది.

"తొమ్మండ్లు తిన్నరా?"

"తొమ్మండ్లవ్వా."

"సరిపోయినయా బిడ్డా? గది రాయలేదా?"

రాయలేదని తల ఊపాను. ఆమే చెప్పింది: "మొదటిసారి తెచ్చినయి వానికొక్కనికే. నువ్వు వద్దన్నంక ఇంటికి వోయి బట్ట కుడుతుంటె, మా వాడకట్టు ఆడోళ్లు, చర్చిల ప్రార్థనకచ్చెటోళ్లు అందరచ్చిన్రు. ఒకామె పిండి తెచ్చింది, ఒకామె నువ్వులు తెచ్చింది. మల్ల కూసుండి చేసినం. సంచి నిండింది. నువ్వు గా దినమే తీసుకుంటె గింత పోకపోవు."

నన్ను ఊరడించడానికే అందో, నిజంగానే అలా అనుకుందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. అంత పెద్ద మనసు ముందు ఎలా నిలబడాలో కూడా తెలియలేదు. లేచి నీళ్లు తెచ్చిచ్చాను.

పోస్టుమాస్టరు గారికి పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది: ఏ నిబంధన ప్రకారం సంచిని ప్రైవేటు వాహనంలో పంపారు? ఆయన ఒక్క వాక్యం రాశారు: 'సంచి ముద్రలతో సహా అదే రోజు చేరినది, నిబంధన నంబరు నాకు తెలియదు.' ఆ మనిషి తెలియదని రాయడం అదే మొదలు, అదే ఆఖరు. ఒక హెచ్చరిక వచ్చింది. ఆయన సర్వీసు పుస్తకంలో మచ్చ అంటే అదొక్కటే. రిటైరైన రోజు సభలో ఎవరో దాని మాట ఎత్తితే, ఆయన సిగ్గుపడుతూ చిన్నగా నవ్వారు. ఆయన్ని నేను పిరికివాడనుకున్న రోజులు తలుచుకుని, ఆ సభలో తల ఎత్తలేకపోయాను.

నేను మాత్రం ఆ ఏడు నుంచి కిటికీ కింద ఒక సంచి పెట్టుకున్నాను. సిరిసిల్ల నుంచి అన్నయ్య పంపే తెల్లబట్ట ముక్కలు, దబ్బనం, దారం. మీకు చెప్పదలచుకుంది ఇదొక్కటే: కిటికీ అవతల నిలబడ్డ మనిషికి 'రేపు' అనే ముందు, ఆ రేపు మన చేతిలో ఉందో లేదో చూసుకోండి. రిటైరయ్యే దాకా నేను అలా చూసుకున్నాననే చెప్పగలను. కొన్నిసార్లు తప్పాను కూడా.

ఉత్తరం చదివిన పది రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి బస్సులో. వెనక వాళ్ల వాడకట్టు ఆడవాళ్లు నలుగురు, తలా ఒక మూటతో. కొడుకు ఇంకా దవాఖానలోనే ఉన్నాడు. అతనికి పంపాల్సింది అంతకుముందే విడిగా పంపేసింది. దాన్ని కూడా నేనే బుక్ చేశాను.

"మరి గివి ఎవలకవ్వా?"

"పైన ఉన్నోళ్లకు."

"ఎవలదన్న ఒక్క పేరు రాయాలె. పేరు లేకుంటె తీసుకోరు."

ఆమె వెనక్కి తిరిగి ఆ నలుగురినీ చూసింది. వాళ్లు ఆమెను చూశారు.

"గా ఉత్తరం రాసిన పిలగాని పేరు రాయి" అంది. "మిగిలినోళ్లు గుంజుకొని తింటరు తియ్యి."

నేను కలం తీసుకుని, అతని పేరు పెద్ద అక్షరాలతో రాశాను.